గడియారం పక్కన కన్ను

తాత ముత్తయ్య పదకొండో దినం నాడు, చుట్టాలంతా తిని ఎవరి తోవన వాళ్లు వెళ్లిపోయాక, లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఆ ఇంట్లో ఆరుగురు మిగిలారు. అవ్వ సిద్దమ్మ నడవలో గోడకు ఆనుకొని కూర్చుంది. నాయిన యాదగిరి గుండు మీద తడి తువాల వేసుకొని గడపలో ఉన్నాడు. అమ్మ శైలజ వెనక వాకిట్లో గంగాళాలు తోముతోంది. కుత్బుల్లాపూర్ నుంచి వచ్చిన మేనత్త దుర్గాబాయి మిగిలిన కూరను గిన్నెలకు సర్దుతూ, ఎవరు ఎంత తిన్నారో ఎవరు తినకుండా మూతి ముడుచుకున్నారో ఒక్కొక్కరినీ వరుస పెట్టి చెబుతోంది. చిన్నాయిన ఎల్లేష్ ముందు గదిలో తన కంప్యూటర్ల మధ్య ఊరికే కూర్చున్నాడు. ఆరో మనిషి వినోద. ఉందో లేదో వెతికి చూస్తే గాని తెలియని పిల్ల కాబట్టి ఆమెను చివరన చెప్పుకోవాల్సి వస్తోంది.

ఏడో మనిషి కూడా ఉన్నాడని అవ్వ వారం రోజులుగా అంటోంది.

ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పాలంటే పిట్ట దగ్గర మొదలుపెట్టాలి. మూడో రోజున పొలం గట్టు మీద ఆకు పరిచి, తాతకు ఇష్టమైనవన్నీ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డారు. పిట్ట వచ్చి మెతుకు ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కొరత మిగిలినట్టు. ఒక కాకి వచ్చి కరెంటు స్తంభం మీద వాలింది. ఆకు వైపు చూసింది. భూమిని అమ్మబోమని నాయిన దండం పెట్టాడు. ఈ ఏడు ఎల్లేష్ పెండ్లి చేస్తామని అవ్వ మొక్కింది. కాకి రెక్కలు దులుపుకొని చెరువు వైపు వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం దాకా చూసి ఆకును ఆవుకు పెట్టి వచ్చారు. పదో రోజున కూడా అంతే.

ఏం కొరతయ్యిందని ఇల్లంతా తల బద్దలు కొట్టుకుంటుంటే, వినోద ఒక్కతే తలెత్తేది కాదు. కొరతేమిటో ఆమెకు తెలుసు.

తాత పోయిన మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఆయనా, వినోదా. మిగతావాళ్లు శామీర్‌పేటలో పెండ్లికి పోయారు. తాత వెనక వసారాలో మంచం మీద పడుకొని ఉన్నాడు. "బుడంకాయా, దూప అయితాంది, జరన్ని నీళ్లు తే" అన్నాడు. చేలగట్ల మీద కాసే ఆ చిన్న కాయ పేరుతో నలుగురిలో పిలిస్తే ఆమె సిగ్గుతో ముడుచుకుపోతుందని, ఎవరూ లేనప్పుడే అలా పిలిచేవాడు. వస్తున్న తాతా అంది. ముందు గదిలో కంప్యూటర్ ముందు ఉంది. రాస్తున్న వాక్యం ఒకటి పూర్తి కావాలి. అది పూర్తయితే ఇంకొకటి గుర్తొచ్చింది. చెంబు పట్టుకొని వసారాలోకి వెళ్లేసరికి తాత కళ్లు తలుపు వైపు తెరిచి ఉన్నాయి. పెదవులు ఎండి ఉన్నాయి. ఆ నీళ్లు ఆమె చామంతి మొక్కలో పోసింది. తాత నిద్రలోనే పోయాడని అందరూ అనుకున్నారు. ఆమె అనుకోనిచ్చింది.

ఎవరికీ చెప్పలేదు గాని, రాసుకుంది. అన్నీ రాసుకోవడం ఆమెకు ఏడో తరగతి నుంచి అలవాటు. మొదట నోటుబుక్కులో రాసేది. పోయిన ఎండాకాలం అది దుర్గాబాయి చేతికి చిక్కింది. చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ల మధ్య కూర్చొని ఆమె దాన్ని గొంతులు మార్చి మరీ చదివింది. అందరూ పొట్టలు పట్టుకొని నవ్వారు. ఆ తర్వాత వినోద నోటుబుక్కును పొయ్యిలో వేసి, కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టింది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది. ఆ ఫైలును 'లెక్కలు' అని పేరున్న ఫోల్డరు సంచిలో దాచింది. లెక్కలు అని రాసి ఉన్నదాన్ని ఆ ఇంట్లో ఎవరూ తెరవరని ఆమె ధైర్యం.

ఎల్లేష్ ముందు గదిని జిరాక్సు, టైపింగు దుకాణం చేసి మూడేళ్లయింది. మండలాఫీసు దరఖాస్తులు, భూముల పహాణీ నకళ్లు, పెండ్లి పత్రికలు అక్కడ తయారవుతాయి. రెండు కంప్యూటర్లలో ఒకదానికే ఇంటర్నెట్టు, స్కానరు ఉన్నాయి. దాని ముందు కూర్చోని మనిషి ఊళ్లో లేడు. ఫలితాలు చూసుకునే పిల్లలు, కొత్త వెంచర్లలో ప్లాట్లమ్మే వాళ్లు, కాగితాలు తెచ్చే రైతులు, అందరిదీ అదే కుర్చీ. ఎల్లేష్ రాత్రీ పగలూ దాన్ని ఆపేవాడు కాదు. ఆపితే మళ్లీ లేవడానికి పావుగంట పడుతుందని. అది వీని పెండ్లాం, దానికి నిద్ర లేదు, వీనికి సిగ్గు లేదు అని తాత వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ పరిహాసమే ముదిరి, సంక్రాంతి పోయాక తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేకుండా పోయాయి. తాత పోయేదాకా అలాగే ఉంది.

ఆ కంప్యూటర్ చెడిపోతే బాగు చేసేది దూలపల్లి బుల్లిబాబు. ప్రతిసారీ ఇంత దూరం బండి మీద రాలేక, పోయిన ఏడాది అతను అందులో ఒక ప్రోగ్రాం ఎక్కించాడు. దానితో అతను తన దుకాణంలో కూర్చొనే ఈ తెరను చూడగలడు, మౌసు బాణాన్ని కదపగలడు, అక్షరాలు కొట్టగలడు. తెర మూల గడియారం పక్కన చిన్న కన్ను గుర్తు వచ్చింది. "గా కన్ను తెల్లగుంటె ఎవ్వలు లేనట్టు, నల్లగైతె నేను లోపటున్నట్టు" అని వినోదకు చెప్పాడు. లోపలికి రావడానికి కావలసిన రహస్యపు మాటను మరిచిపోకుండా చీటీ మీద రాసి కంప్యూటర్ డబ్బా పక్కన అంటించాడు. ఏడాదిగా ఆ చీటీ అక్కడే ఉంది. కుర్చీలో కూర్చున్న వాళ్ల మోచేతికి ఆనుతూ.

తాత పోయిన నాలుగో రోజు పొద్దున, ముందు గదిలో దీపం పెట్టడానికి వెళ్లిన అవ్వ కేక వేయకుండా బయటికొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూర్చుంది. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద బాణం కదిలిందట. అవ్వ కంటికి అది బాణంలా కనబడలేదు. ముక్కు వంచి గింజలు వెతుక్కునే పిట్టలా కనబడింది.

వినోద వెళ్లి చూసేసరికి కన్ను తెల్లగానే ఉంది. ఎందుకో 'లెక్కలు' సంచి తెరిచింది. ఫైలును చివరిసారి తెరిచిన తేదీ, సమయం పక్కనే ఉన్నాయి. ముందురోజు, పదకొండూ నలభై. ఆ సమయానికి ఇంటికి తాళం వేసి ఉంది. ఆరుగురూ పొలం గట్టున కాకిని చూస్తూ నిలబడి ఉన్నారు.

ఆ రోజు నుంచి ఆమె ఒక్క అక్షరం కొట్టలేదు. చెరిపేద్దామంటే ఆ కుర్చీలో కూర్చోవడానికే భయమేసింది. చెబుదామంటే, ఏం రాసుకున్నావని అడుగుతారు.

పదకొండో దినం నాడు, ఇల్లు సద్దుమణిగాక, అవ్వ లేచింది. విస్తరాకులో అన్నం, మాంసం కూర పెట్టి, పక్కన కల్లు ముంత పట్టుకొని ముందు గదిలోకి నడిచింది. గట్టు మీదికి రాని పిట్ట ఇంట్లోకే వస్తుంటే ఇంట్లోనే పెడతానంది. ఎల్లేష్ అడ్డు చెప్పలేదు. కీబోర్డు పక్కకు జరిపి తెర ముందు ఆకు పెట్టించాడు. నాయిన, అమ్మ, అత్త వచ్చి గోడ వారన నిలబడ్డారు. వినోద తలుపు దగ్గర ఆగింది. బయట ఎండ పెళపెళలాడుతోంది. ఫ్యాను గాలికి జిరాక్సు కాగితాల అంచులు లేచి పడుతున్నాయి.

చాలాసేపు ఏమీ లేదు. అత్త ఆవులించబోయి ఆపుకుంది. అప్పుడు బాణం కదిలింది.

తెర నడిమి నుంచి మెల్లగా, ఆగి ఆగి, కిందికి దిగింది. ఎడమ మూలకు, సరిగ్గా ఆకు తెరకు ఆనిన చోటికి వచ్చి రెండుసార్లు ఆడింది.

"ముట్టింది" అంది అవ్వ. గొంతు చాలా చిన్నగా ఉంది. "పిట్ట ముట్టింది."

అందరి ఒళ్లూ గగుర్పొడిచాయి. నాయిన చేతులు జోడించాడు. కింద ఎడమ మూలలో స్టార్ట్ అనే గుండీ ఉంటుందని, ఏ పని మొదలుపెట్టాలన్నా ఆ బాణం అక్కడికే రావాలని వినోదకు తెలుసు. ఆమె కుడి మూలకు చూసింది. కన్ను నల్లగా ఉంది.

తెల్ల కాగితం లాంటిది ఒకటి దానంతట అది తెరుచుకుంది. దాని మీద అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. ఎల్లేష్ వంగి కూడబలుక్కొని చదివాడు. సిద్దీ, మంచిగున్నవా?

అవ్వను అలా పిలిచే మనిషి ఒక్కడే. అవ్వ నేల మీద కూలబడింది. ఆ తర్వాత పడిన మాటలు ఎల్లేష్ కోసం. నీ మీద నాకు కోపం లేదు బిడ్డా, నేనే ముందుగాల మాట్లాడేదుండె. అది చదివి ఎల్లేష్ కళ్ల మీద మోచెయ్యి పెట్టుకున్నాడు. మూడు నెలలుగా తండ్రి నోటి నుంచి వినాలనుకున్న మాట అది. ఆ మాట తాత నిజంగానే అన్నాడు. ఎల్లేష్‌తో కాదు, వినోదతో. వినోద దాన్ని రాసుకుంది. రాసుకున్నవన్నీ ఎవరో ఎక్కడో కూర్చొని చదివి, ఇప్పుడు ఆమె వాళ్లకే ఒక్కొక్క ముద్దగా తినిపిస్తున్నారు.

అవ్వ అడగమన్నది ఎల్లేష్ కొట్టాడు. ఎందుకు బాపూ, పిట్ట ముట్టలేదు?

జవాబు వెంటనే రాలేదు.

దూప అయింది. నీళ్లు అడిగిన. ఎవ్వలు రాలేదు.

ఎల్లేష్ చదివి ఆగిపోయాడు. ఎవరూ వినోద వైపు తిరగలేదు. తిరగకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారో అందరికీ తెలుసు. ఇంతలోనే కింద మరో వరుస పడింది. నా భూమి పాస్‌బుక్కు ఒక్కసారి సూస్తె సల్లగ పోత. నేను యేలిముద్ర ఏసిన కాగితం గూడ. అద్దం మీద పెట్టుండ్రి.

అద్దం అంటే స్కానరు. అవ్వ అప్పటికే లేచి కాగితాలున్న సందుగ దగ్గరికి నడుస్తోంది.

చెరువు వెనక ఎకరం ముప్పై గుంటలు. దాని చుట్టూ మూడు పక్కలా వెంచర్ల తెల్లరాళ్లు వచ్చేశాయి. మాఘమాసంలో కొనడానికి వచ్చిన వాళ్లను తాత చేతికర్ర పట్టుకొని వెళ్లగొట్టాడు. పోయినేడు పక్క ఊళ్లో ఒకామె చేను ఇలాగే ఆమెకు తెలియకుండా దొంగ కాగితాల మీద చేతులు మారిందని, అసలు పాస్‌బుక్కు నకలు, వేలిముద్ర దొరికితే చాలని, ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చొని ఎల్లేష్ చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చి వినోదకు గొంతు వచ్చింది.

"చిన్నాయినా, అది తాత కాదు" అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె కన్ను గుర్తును వేలితో చూపించింది. నల్లగైంది చూడు, ఎవరో బయటి నుంచి లోపలికొచ్చారు, బుల్లిబాబుకు ఫోన్ చెయ్యి అని, ఊపిరి తీసుకోకుండా ఒకే మాటగా చెప్పింది. ఎల్లేష్ మొహం మారింది. కంప్యూటర్ తెలిసినవాడు. జేబులోంచి సెల్లు తీశాడు. బుల్లిబాబు గొంతు గదిలో అందరికీ వినబడింది.

"నేనెందుకైత అన్నా, నేను సుచిత్ర చౌరస్తా కాడ బండి మీదున్న."

"నువ్వు గాకపోతె ఇంకెవలొస్తర్రా దీంట్లకు?"

"ఎవలని చెప్పాలె అన్నా? నలబై దుకాండ్లల్ల అదే పాస్‌వర్డు పెట్టిన. మర్సిపోనీకె లేకుంట. ఎరుకున్నోడు ఎవడన్న రావొచ్చు. నువ్వు జల్దీ దాని తీగ గుంజెయ్."

ఎల్లేష్ సెల్లును అలాగే పట్టుకొని తెర మీద తన కోసం పడ్డ వరుస వైపు చూశాడు. కోపం లేదు బిడ్డా. తీగ గుంజలేదు. సెల్లు ఆపి జేబులో వేసుకున్నాడు.

"ఎవడో దొంగ అంటున్నడు" అన్నాడు, తాను నమ్మని మాట చెబుతున్నట్టు.

నాయిన మొదటిసారి నోరు విప్పాడు. ఆయనది మెల్లని మాట. "దొంగ అయితె మా అమ్మను సిద్దీ అంటరని వానికెట్ల ఎరుక? నీళ్లడిగిండని ఎట్ల ఎరుక? వినోదా, నువ్వే జెప్పు. అడిగిండా?"

లేదు అంటే సరిపోతుంది. లేదు అంటే అది అబద్ధాలాడే దొంగ అవుతుంది, కాగితాలు సందుగలోనే ఉంటాయి. కానీ వాళ్ల నాయిన కళ్లలోకి చూస్తూ ఆ మాట ఆమెకు రాలేదు.

"అడిగిండు" అంది. "నేను పోలె. నేను గీన్నే కూసోని రాస్తున్న. పోయేసరికి… ఆ ముచ్చట గుడ దీంట్లనే రాసుకున్న నాయినా. అవ్వను సిద్దీ అనుడు, చిన్నాయిన ముచ్చట, అన్నీ. అవి సదివి చెప్తున్నడు వాడు. నేను చూపిస్త."

అమ్మ చేతిలో ఉన్న పీచు కింద పడింది. దుర్గాబాయి బుగ్గన చెయ్యి వేసుకుంది. పోయినేడాది నోటుబుక్కు అందరికీ చదివి వినిపించిన మనిషి, ఇప్పుడు ఈ పిల్ల వైపు చూడలేక గోడ వైపు చూసింది.

వినోద కుర్చీలో కూర్చొని 'లెక్కలు' తెరిచింది. ఇక దాచడానికేమీ లేదు. ప్రతి అక్షరం నాయిన చదివినా సరే అనుకుంది. అందరూ చదివినా సరే.

సంచి ఖాళీగా ఉంది.

చెత్తబుట్టలో వెతికింది. అక్కడా లేదు. ఆమె వేళ్ల కింద మౌసు కుడివైపుకు పోతుంటే తెర మీద బాణం ఎడమవైపుకు పోయింది. ఎవరిదో చల్లటి చెయ్యి పైన పడినట్టు ఆమె మౌసు వదిలేసింది. తెల్ల కాగితం మళ్లీ ముందుకొచ్చింది.

బుడంకాయా, ఏడ్వకు.

ఎల్లేష్ దాన్ని పైకి చదివాడు. ఎవరది, ఎవరిని అంటున్నాడని అత్త అడిగింది. ఎవరికీ ఆ పేరు తెలియదు. వినోద ఏడుపు చూశాక చెప్పనక్కర్లేకపోయింది.

"సూసినవా" అంది అవ్వ, పాస్‌బుక్కును గుండెకు ఆనించుకొని. "మనకెవలకు ఎరుకలేని పేరు. ఆయిన గాకపోతె ఎవలు?"

వినోద లేచి బల్ల కిందికి దూరి ఫోన్ తీగను పట్టి లాగింది. మోడెమ్ దీపాలు ఆరిపోయాయి. బయటికొచ్చి తెర చూపించింది. బాణం ఉన్న చోటే ఉంది. కన్ను తెల్లబడింది. సూడుండ్రి, తీగ గుంజితె పోయిండు, తాతైతె తీగ పట్టుకొని వస్తడా అని, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత పెద్దగా మాట్లాడింది.

అవ్వ ఆమెను కోపంతో చూడలేదు. తెలియని పిల్లను చూసినట్టు చూసింది.

"దీపం ఊదితె ఎలుగు పోతది బిడ్డా. గంతమాత్రాన ఎలుగు అబద్ధమా?" అంది. "నీళ్లడిగితె ఒక్కపారి సల్లగ పోనియ్యకపోతివి. ఇయ్యాల కాగితం అడిగితె గుడ పోనియ్యవా?"

ఎల్లేష్ మోకాళ్ల మీద కూర్చొని తీగ వెతుకుతున్నాడు. వినోద అతని చెయ్యి పట్టుకుంది. నీకు ఎరుకే గద చిన్నాయినా అంది. అతను చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. తలెత్తలేదు.

నాయిన వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కొడతాడనుకుంది. కొట్టలేదు. జ్వరమొచ్చిన పిల్లను నడిపించినట్టు గడప దాటించి వాకిట్లో నిలబెట్టాడు.

"నువ్వు జరసేపు బయటుండు. నువ్వుంటె బాపు రాడు."

ఆయన భుజం మీదుగా గది కనబడుతోంది. అవ్వ స్కానరు మూత ఎత్తి, అద్దాన్ని కొంగుతో శుభ్రంగా తుడుస్తోంది. బల్ల కింద మోడెమ్ దీపం ఒకటి వెలిగింది. తర్వాత రెండోది.

"నాయినా, ఒక్క రోజు ఆగుండ్రి" అంది వినోద. "రేపు బుల్లిబాబును పిలుద్దాం. రేపు పెడితె ఏమైతది? తాత ఎటు పోతడు?"

ఆ చివరి మాటకు ఆయన ఆగాడు. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. లోపలి నుంచి అవ్వ, వచ్చిండు యాదగిరీ అని పిలిచింది. నాయిన లోపలికి జరిగి తలుపు వేశాడు.